చెడుగుడు బరిలో యువకుల యోగ్యతా నిర్ణయము

మిట్టేమరి కర్ణాటక రాష్ట్రమున చిక్కబళ్ళాపురము జిల్లా, బాగేపల్లి తాలూకాకు చెందిన హోబళి. ఈ ప్రాంతమున ననేక కుటుంబములలో ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడము. చిత్రావతీ నది యీ తాలూకా గుండ పాఱి ఆంధ్రదేశమున ప్రవేశించి పుట్టపర్తి మీదుగా సాగిపోవును. చింతామణి తాలూకాలోని కైవారమున నారాయణ యతీంద్రులు తెలుగు కన్నడములు రెంటను తత్త్వములు పాడిరి. 2007 వఱకు కోలారు జిల్లాలో నుండి, ఆ యేట నేర్పడిన చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరిన యీ సీమ రాగులు, వేరుసెనగలు పండు మెట్టభూమి. ఇచ్చటి రైతులు ఎడ్ల మంచి చెడ్డల నెఱిగినవారు.

దొడ్డబళ్ళాపురము తాలూకాలోని ఘాటి సుబ్రహ్మణ్య క్షేత్రమున ఏటేట పశువుల జాతర జరుగును. అట్టి జాతరలో కోడెను కొనబోవు రైతు చేయు పరీక్ష చూడదగినది. ముందుగా నోరు తెఱచి పళ్ళు చూచును. పాలపళ్ళ కోడెయా, రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆఱు పళ్ళదా, కడపళ్ళు వేసినదా యని వయస్సు నిర్ణయించును. పిమ్మట గిట్టలు, మోపురము, తోక, సుళ్ళు చూచును. తుదకు నాలుగడుగులు నడిపించి చూచును. అతడు కొనుచున్నది నేటి బలమును కాదు, రెండేండ్ల తరువాత కాడి క్రింద కనబడవలసిన బలమును. రాబోవు బలమును నేటి గుర్తులనుబట్టి యూహించుటయే యీ విద్యయొక్క సారము.

ఇట్టి విద్యయే నేడు మనుష్యుల విషయమునను అవసరమైనది. వృత్తిక్రీడలు వెలసిన తరువాత, పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు ఇరువది రెండేండ్లకు ఎట్టి ఆటగాడగునో ముందుగా చెప్పవలసిన పని యొకటి పుట్టినది. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటకు ఈ పని దాదాపు ఎనుబదియేండ్లుగా జరుగుచున్నది. మన దేశమున పల్లెకు మిక్కిలి దగ్గఱయైన చెడుగుడు ఆటకు 2014 నుండి జరుగుచున్నది. కోడె విషయమున తరతరములు పరీక్షించిన గుర్తులు రైతునకు కలవు. కుఱ్ఱవాని విషయమున ఏ గుర్తులు నమ్మదగినవి, ఏవి మోసపుచ్చునవి యను ప్రశ్నను విచారించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఆట స్వరూపము

మనవారు చెడుగుడు అని పిలుచు ఆటనే మహారాష్ట్రమున హుతుతు అనిరి. నేడు అంతటను కబడ్డీ యను పేరు స్థిరపడినది. పురుషుల బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. ప్రతి పక్షమునను ఏడుగురు ఆడుదురు. కూతకు పోవువానిని నేడు రైడరు అనియు, పట్టువానిని డిఫెండరు అనియు అనుచున్నారు. ఒక కూతకు 30 సెకండ్ల కాలము. ఎదుటివారిలో ఎందఱిని తాకి గీత చేరునో అన్ని పాయింట్లు. పట్టువడినచో ఎదుటి పక్షమునకు ఒక పాయింటు. పట్టువారు ముగ్గురో అంతకు తక్కువో యున్నప్పుడు పట్టినచో రెండు పాయింట్లు. వరుసగా రెండు కూతలు ఫలితము లేక ముగిసినచో మూడవ కూతలో పాయింటు తేకున్న రైడరు వెలుపలికి పోవలెను.

ఈ నియమములు ఎంపికకు ముఖ్యమైనవి. ఏలయన ఆట యెట్టి గుణమును కోరుచున్నదో తెలిసిననే కుఱ్ఱవానిలో దేనిని వెదుకవలెనో తెలియును. బాస్కెట్‌బాల్‌లో గిలక పది అడుగుల ఎత్తున నుండును గావున పొడవు ప్రధానము. చెడుగుడులో పురుషులకు 85 కిలోగ్రాముల బరువు హద్దు కలదు గావున దేహమును పెంచుకొనుచు పోవుట వలన లాభము లేదు. హద్దులో నుండియే చురుకు, పట్టు, నిలుకడ, చేతి చాపు సంపాదింపవలెను. ముప్పది సెకండ్లు నిప్పువలె మండి, రెండు నిమిషములు ఊరకుండి, మరల మండగల శరీరము కావలెను. దూరపు పరుగులో మొదట వచ్చినవాడు ఇందు రాణించుననుట నిశ్చయము కాదు.

ఎంపిక జరుగు రెండు విధములు

అమెరికాలోని పద్ధతికి డ్రాఫ్టు అని పేరు. ఇది బాస్కెట్‌బాల్‌లో 1947లో ఆరంభమైనది. గత సంవత్సరము ఓడిపోయిన జట్లకు ముందుగా కోరుకొను హక్కునిచ్చుట దీని మూలసూత్రము. అయితే ముందు హక్కు కొఱకు కావలెనని ఓడిపోవుదురేమో యను అనుమానముచే 1985 నుండి పై స్థానములను చీట్లు తీసి నిర్ణయించుచున్నారు. 1989 నుండి రెండు వరుసలు మాత్రమే. ఇందు ఆటగాడు జట్టును కోరుకొనడు. జట్టే అతనిని కోరుకొనును.

మన ప్రొ కబడ్డీ లీగు ఎనిమిది జట్లతో 2014లో మొదలై, 2017లో పండ్రెండు జట్లకు పెరిగినది. ఇచ్చట డ్రాఫ్టునకు బదులు వేలము. బలహీన జట్టునకు ముందు హక్కు లేదు గాని, ప్రతి జట్టునకు ఖర్చు చేయదగిన సొమ్మునకు హద్దు గలదు. 2023 వేలమున ఆ హద్దు 5 కోట్ల రూపాయలు. ఆటగాండ్రను నాలుగు తరగతులుగ విభజించి కనీసపు ధరలు నిర్ణయించిరి. పై తరగతికి 30 లక్షలు, క్రింది తరగతికి 9 లక్షలు. ఇది గాక క్రొత్త యువకులను ప్రత్యేకముగా పరీక్షించి చేర్చుకొను ఏర్పాటు కలదు. 2017లో ఫ్యూచర్ కబడ్డీ హీరోస్ అను పేర దేశమున పలుచోట్ల యువకులకు పరీక్షలు జరిపిరి. 2022 నుండి 23 ఏండ్ల లోపువారికి యువ కబడ్డీ సిరీస్ అను పోటీలు జరుగుచున్నవి.

మిట్టేమరి పిల్లవాడు ఈ వేదికలను చేరుటకు ముందు చాల మెట్లెక్కవలెను. కర్ణాటకములో పాఠశాల క్రీడలు హోబళితో మొదలగును. పిదప తాలూకా, జిల్లా, విభాగము, రాష్ట్రము. మైసూరు దసరా క్రీడలకును తాలూకా మొదలు మెట్లున్నవి. అతని మాట తెలుగే యైనను, హిందూపురము దగ్గఱదే యైనను, ఆటలో అతని దారి బాగేపల్లి, చిక్కబళ్ళాపురము, బెంగుళూరుల మీదుగనే పోవును. మొదటి మెట్టుమీద వానిని చూచువారు పాఠశాల వ్యాయామోపాధ్యాయులు. వారి కంట పడనివాడు పై మెట్టువారి కంట పడుట అరుదు. కావున ఎంపికలోని తప్పులు కోట్ల వేలమునందు కాక, హోబళి మైదానమునందే మొదలగుచున్నవి.

వయస్సును గూర్చిన భ్రమ

పాఠశాల పోటీలను 14, 17, 19 ఏండ్ల లోపువారికని విభజింతురు. పదునాలుగేండ్ల లోపువారి పోటీలో ఇద్దఱు పిల్లలను నిలుపుడు. ఒకడు హద్దుతేదీ దాటిన వెంటనే, ఒకడు పదునొకండు నెలల తరువాత పుట్టినవాడు. కాగితముమీద ఇద్దఱును ఒక్క తరగతివారే. కాని ఆ వయస్సున పదునొకండు నెలలనగా చాల భేదము. దీనిపై మొదట వివరముగా పరిశోధించినది కెనడా దేశమున. 1980 ప్రాంతముల మంచు హాకీ జట్లను పరిశీలించిన మనశ్శాస్త్రజ్ఞుడు రోజర్ బార్న్స్‌లీ, పై తరగతి జట్లలో సంవత్సరారంభ మాసములలో పుట్టినవారే యెక్కువగా నుండుట చూపెను. అచ్చటి హద్దుతేదీ జనవరి 1. జనవరిలో పుట్టినవారికి దైవము అధిక ప్రతిభ నొసగలేదు. పెద్దవారగుటచే ముందుగా ఎన్నికైరి, ఎన్నికైనవారికి మంచి శిక్షణ దొరకెను, శిక్షణ వలన నిజముగనే మేలైరి. మొదటి తప్పు తరువాత ఒప్పువలె కనబడుటకు కారణ మిదియే.

పుట్టిన తేదీ యొక్కటియే కాదు. దేహము పక్వమగు కాలము పిల్లవానికి పిల్లవానికి భిన్నము. పండ్రెండేండ్లకే మీసము మొలచినవాడు పదునాలుగేండ్లకు బరిలో సింహమువలె కనబడును. పదునెనిమిదేండ్లకు తక్కినవారును అతనిని చేరుదురు. అప్పటికి అతనికి కండ తప్ప నేర్పు లేకున్నచో వెనుకబడును. ఆలస్యముగా ఎదిగినవాడు అంతవఱకు ఆటలో నిలిచియున్నచో, బలము లేని దినములలో ఉపాయము నేర్చినవాడగుటచే మించిపోవును. కాని అట్లు నిలిచియుండుటయే కష్టము. పదునాలుగేండ్లకు త్రోసివేయబడినవాడు పదునెనిమిదేండ్లకు పరీక్షకు రాడు.

రైతు కోడె పళ్ళు చూచినట్లు కుఱ్ఱవాని వయస్సు చూచుటకు వైద్యులు ఎడమ మణికట్టు ఎముకలను ఎక్స్‌రే తీయుదురు. ఎముకల కొసలు కలిసిన తీరును బట్టి ఎదుగుదల ఎంత మిగిలియున్నదో ఉజ్జాయింపుగా చెప్పవచ్చును. దీనిని వయస్సు దాచినవారిని పట్టుకొనుటకే వాడుచున్నారు; వెనుకబడి ఎదుగువానికి కొంత గడువిచ్చుటకును వాడదగును. ఎక్స్‌రే లేనిచోట మఱియొక సులభోపాయము కలదు. తండ్రి పొడవును తల్లి పొడవును సెంటీమీటర్లలో కలిపి, దానికి 13 చేర్చి, సగము చేసినచో మగబిడ్డ చేరదగిన పొడవు సుమారుగా తెలియును. తండ్రి 165, తల్లి 152 అయినచో కుమారుడు 165 ప్రాంతమున నుండును. ఎనిమిది, పది సెంటీమీటర్లు ఇటు నటు కావచ్చును. ఆఱు మాసముల కొకమాఱు బడి గోడవద్ద పొడవు కొలిచి తేదీతో వ్రాసియుంచినచో, ఎవని ఎదుగుదల ముగిసినది, ఎవనిది మొదలైనది యను సంగతి మఱింత స్పష్టమగును. దీనికి పైసా ఖర్చు లేదు.

ఒక్క దినపు పరీక్ష

రెండవ భ్రమ, ఒక్క పూట చూచి తీర్పు చెప్పుట. జిల్లా పోటీలలో ఓడినవాడు ఇంటికి పోవు పద్ధతి యున్నచో, బలహీన జట్టులోని మంచి కుఱ్ఱవానిని పరీక్షకులు ఒక్క ఆటలో మాత్రమే చూతురు. ఆ ఆటలో అతడు పది కూతలకు పోయెననుకొందము. ఇందలి అదృష్టభాగ మెంతయో లెక్కవేయవచ్చును.

పది కూతలలో సగటున నాలుగింట పాయింటు తేగల ఆఱుగురు కుఱ్ఱవాండ్రున్నారని భావింపుడు. ఆఱుగురి నేర్పును సమానమే. ఒక్కొక్కరు పది కూతలకు పోయినచో, గణితశాస్త్రము చెప్పునదేమనగా, ఆఱింట గాని అంతకు మించి గాని నెగ్గుటకు ఆఱింట నొకవంతు అవకాశము కలదు. రెండింట గాని అంతకు తక్కువ గాని నెగ్గుటకును ఆఱింట నొకవంతే. అనగా సమానులైన ఆఱుగురిలో సగటున ఒకడు మహావీరునివలెను, ఒకడు పనికిమాలినవానివలెను ఆ పూట కనబడును. పరీక్షకులు మొదటివానిని ఎన్నుకొని, రెండవవానిని త్రోసివేసి, తమ కంటి చూపును మెచ్చుకొందురు. పది కూతలు నూఱు కూతలైనచో ఈ భ్రమ చాలవఱకు అణగును. కావున ఒక్క దినము అద్భుతముగా ఆడినవానికంటె, ఆఱు వారములు నిలుకడగా ఆడినవానిని గూర్చిన వ్రాత విలువైనది.

లెక్కలు చదువుట

వ్రాత యున్నంత మాత్రమున చాలదు. దానిని చదువుట తెలియవలెను. ఒక రైడరు ఇరువది కూతలలో 9 పాయింట్లు తెచ్చి, ఏడుమార్లు పట్టువడెను. ఇంకొకడు ఇరువది కూతలలో 7 పాయింట్లే తెచ్చి, రెండుమార్లు మాత్రమే పట్టువడెను. చూపఱుల చప్పట్లు మొదటివానికి దక్కును. కాని అతడు ఇచ్చినది 7 గావున మిగులు 2. రెండవవాడిచ్చినది 2 గావున మిగులు 5. అంతేకాక మొదటివాడు పట్టువడిన ప్రతిమాఱు వెలుపల కూర్చుండును, ఎదుటి పక్షమున ఒకడు మరల లోనికి వచ్చును.

పట్టువారి లెక్కయు నిట్టిదే. పది పట్లు ప్రయత్నించి ఐదింట నెగ్గినవాడు తెచ్చినంత పోగొట్టినవాడు. ఆఱు ప్రయత్నించి నాలుగింట నెగ్గినవాడు రెండు మిగిల్చినవాడు. పట్టవలసిన చోట పట్టుటయే కాక, పట్టరాని చోట చేయి వెనుకకు తీసికొనుటయు డిఫెండరు గుణమే. ఈ రెండవ గుణము ఏ పుస్తకమునందును వ్రాయబడదు. దానిని కంటితో చూడవలసినదే. తోడివాడు దుమికినపుడు ఆసరాగా చేరుట, మూలనున్నవానికి సైగ చేయుట, తాను ఔటైన తరువాత వెలుపలనుండి ఆట గమనించుట, ఇవియు కంటితోనే చూడవలెను. మంచి పరీక్షకుడు బంతిని వెంబడించు చూపఱివలె కాక, కూతకు దూరముగా నున్నవాని పాదములను చూచును.

ఇంకొక భేదము మట్టి, చాపల భేదము. పల్లె పిల్లలు ఎఱ్ఱమట్టి నేలపై ఒట్టి కాళ్ళతో ఆడుదురు. లీగు ఆట రబ్బరు వంటి చాపపై బూట్లతో జరుగును. మట్టిలో జాఱి తప్పించుకొను ఒడుపు చాపమీద పనిచేయదు. చాపమీద పాదము పట్టుకొనునట్లు మట్టిలో పట్టుకొనదు. మొదటి దినముననే చాపమీద నిలుపబడిన పల్లె పిల్లవాడు తడబడినచో అది అసమర్థత కాదు, క్రొత్తదనము. అట్టివానికి కొన్ని దినములు చాపమీద సాధన చేయనిచ్చి, మొదటి దినమునకును చివరి దినమునకును గల వ్యత్యాసమును చూడవలెను. ఎంత వచ్చునో అనుదానికంటె ఎంత త్వరగా నేర్చునో అనునది రాబోవు కాలమును ఎక్కువ తెలుపును.

పెద్దల తప్పులు

నిపుణులును లక్షల సొమ్మును గల అమెరికా జట్లు సైతము ఈ పనిలో తప్పినవి. 1984 డ్రాఫ్టులో రెండవ హక్కుగల పోర్ట్‌లండ్ జట్టు శామ్ బోవీ అను పొడవరిని కోరుకొన్నది. అతడు కళాశాల దినములలో కాలి ఎముక గాయముచే రెండు ఋతువులు ఆటకు దూరమైనవాడు. మూడవ హక్కుగల చికాగో జట్టునకు మైకేల్ జోర్డన్ దక్కెను. పోర్ట్‌లండ్ వారు మూర్ఖులు కారు. జోర్డన్ ఆడు స్థానమున వారికి క్లైడ్ డ్రెక్స్‌లర్ అను మేటి అప్పటికే కలడు. వారికి కావలసినది పొడగరి. నేటి కొఱతను పూడ్చుకొనబోయి రాబోవు ఘనతను విడిచిరి.

సెర్బియాకు చెందిన నికోలా యోకిచ్ 2014లో 41వ వాడుగా ఎన్నికయ్యెను. వేగముగాని, ఎగురుటగాని అతనియందు విశేషముగా కనబడలేదు. బంతి ఎవరికి ఎప్పుడు అందింపవలెనో తెలిసిన అతని బుద్ధి కొలబద్దకు అందలేదు. అతడు 2021, 2022, 2024 సంవత్సరములలో లీగు ఉత్తమ క్రీడాకారుడై, 2023లో డెన్వర్ జట్టునకు విజయము తెచ్చెను. దీనికి మాఱుగా, పంజాబుకు చెందిన సత్నామ్ సింగ్ ఏడడుగుల పైబడిన పొడవుతో 2015లో డాలస్ జట్టుచే 52వ వాడుగా ఎన్నికయ్యెను. భారతదేశమున పుట్టి ఆ డ్రాఫ్టులో ఎన్నికైన మొదటివాడతడే. దేశము గర్వించినది న్యాయమే. కాని ఆ లీగునందు అతనికి ఒక్క ఆటయైనను ఆడు అవకాశము రాలేదు. పొడవు తలుపు తెఱచును. లోపల నిలుపునది వేఱు.

మన లీగు చరిత్రలోను ఇట్టి పాఠములున్నవి. హర్యానా పల్లెనుండి వచ్చిన పర్దీప్ నర్వాల్ 2015లో మొదట బెంగుళూరు బుల్స్ జట్టులోనే చేరెను. కొలది ఆటలే దక్కెను. మఱుసటి యేట పాట్నా జట్టునకు పోయెను. పట్టువారి చేతుల క్రిందుగా వంగి దూసికొనిపోవు అతని ‘డుబ్కీ’, అనగా మునక, ప్రసిద్ధమైనది. 2017లో ఒక్క ఋతువునందే 369 రైడు పాయింట్లు సాధించెను. పాట్నా జట్టు వరుసగా మూడు పర్యాయములు విజేతయైనది. మిట్టేమరికి నూఱు కిలోమీటర్ల దూరముననున్న బెంగుళూరు బరిలో మొదటి యేట కనబడనిది రెండవ యేట వేఱొకచోట కనబడినది. ఆటగాడు మాఱలేదు; అతనికి కాలము, చోటు దొరకినవి.

ధరయే యోగ్యతకు కొలతయను భ్రమను తెలుగు టైటన్స్ జట్టు కథ తొలగించును. 2014 మొదటి వేలమున అందఱికంటె ఎక్కువ ధర పలికినది రాకేష్ కుమార్‌కు, 12 లక్షల 80 వేలు. 2023లో పవన్ సెహ్రావత్‌ను టైటన్స్ వారు 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనిరి. తొమ్మిదేండ్లలో ధర ఇరువది రెట్లయినది. పవన్ గొప్ప రైడరనుటలో సందేహము లేదు. 2018 ఋతువు తుదిపోరులో బెంగుళూరు పక్షమున ఒక్కడే 22 పాయింట్లు తెచ్చినవాడు. కాని 5 కోట్ల హద్దులో సగమునకు మించి ఒక్కనికే పోయినచో తక్కినవారికి మిగులున దెంత? ఆ ఋతువున టైటన్స్ 22 ఆటలలో రెండే గెలిచి చివరి స్థానమున నిలిచిరి. అంతకు ముందటి యేట అదే పవన్‌ను 2 కోట్ల 26 లక్షలకు కొన్న తమిళ తలైవాస్ వారికి అతడు మొదటి ఆటలోనే మోకాలికి దెబ్బ తగిలి దూరమయ్యెను.

దీనికి ప్రత్యుదాహరణము ఢిల్లీ జట్టు. నవీన్ కుమార్ 2018లో పదునెనిమిదేండ్ల క్రొత్త యువకుడుగా ఆ జట్టులో చేరెను. వేలపు ధరల హోరులో అతని పేరు లేదు. జట్టువారు అతనిని బరిలోనికి పంపి, తప్పులు చేయనిచ్చి, మరల పంపిరి. ఆ జట్టు 2022లో విజేతయైనపుడు అతడే దానికి ముఖ్యుడైన రైడరు. యువకుని ఎంచుట యొక పని. ఎంచిన తరువాత ఆడనిచ్చుట యింకొక పని. రెండవది లేనిచో మొదటిది వ్యర్థము.

కుటుంబము పెట్టు పందెము

జట్టు తప్పినచో కొంత సొమ్ము పోవును. వచ్చు ఋతువున మఱియొకనిని కొనును. కుఱ్ఱవాడు తప్పినచో తిరిగిరానివి పోవును. పదునాఱు మొదలు ఇరువది వఱకు గల సంవత్సరములు చదువు నిలద్రొక్కుకొను సంవత్సరములు. వానలపై ఆధారపడిన మెట్టరైతు ఇంట ఆ వయస్సు కొడుకు పొలమునకు రెండు చేతులు. ఆ చేతులను ఆటకు విడుచుట తల్లిదండ్రులు పెట్టు పందెము. కోట్ల ధరలు పత్రికలలో కనబడును గాని, పండ్రెండు జట్లు దేశమంతటినుండి ఎన్నుకొనువారి సంఖ్య స్వల్పము. అందును ప్రతి ఆటలో బరిలో నిలుచువారు ఏడుగురే.

కావున కుఱ్ఱవానికి లీగు ఒక్కటియే గమ్యమని చెప్పుట న్యాయము కాదు. చిరకాలముగా చెడుగుడు ఆటగాండ్రను పోషించినవి రైల్వేలు, సైన్యము, పోలీసు శాఖలు మొదలగునవి. కర్ణాటకమునకు చెందిన మమతా పూజారి దక్షిణమధ్య రైల్వేలో ఉద్యోగముననుండి భారత జట్టునకు నాయకురాలయ్యెను. ఆడపిల్లల విషయమున ఈ మార్గము మఱింత ముఖ్యము. ప్రొ కబడ్డీ వారు 2016లో మూడు జట్లతో స్త్రీల పోటీని నడిపిరి గాని, అది ఏటేట సాగు లీగుగా నిలువలేదు. చదువును విడువక ఆడినవాడు, లీగు దొరకకున్నను, క్రీడాకారుల కోటాలో ఉద్యోగమునకు అర్హుడగును. చదువు విడిచినవానికి ఆ ద్వారమును మూతపడును.

ఆచరణకు కొన్ని సూచనలు

పై విచారణనుబట్టి హోబళి మైదానముననే ఆచరింపదగిన సంగతులు కొన్ని తేలుచున్నవి. ఒకటి, ప్రతి ఆటగానికి ఒక పుట చొప్పున పుస్తకము పెట్టి పుట్టిన తేదీ, ఆఱు మాసముల కొకమాఱు పొడవు, బరువు వ్రాయుట. రెండు, ప్రతి ఆటలో కూతల సంఖ్య, తెచ్చిన పాయింట్లు, పట్టువడిన సార్లు, పట్ల ప్రయత్నములు వేఱు వేఱుగా వ్రాయుట. మూడు, పదునాలుగేండ్లకు ఎవరిని శాశ్వతముగా త్రోసివేయకుండుట. ఎన్నిక కానివారికి రెండవ జట్టు నేర్పఱచి ఆటలో నిలుపుట. నాలుగు, ఇద్దఱు పరీక్షకులున్నచో, ఒకరి అభిప్రాయము ఒకరు వినక ముందే వేఱుగా వ్రాసి పిదప పోల్చుట. ముందు పలికిన పెద్దవాని మాటకు తక్కినవారు తల యూపుట సహజము గావున ఇది అవసరము. ఐదు, గాయపడినవానిని దాచి ఆడింపకుండుట. ఆఱు, ఎన్నిక కాని పిల్లవానికి కారణము చెప్పుట. “నీవు పనికిరావు” అనుటకును, “నీ కుడి ప్రక్క కూత మంచిది, ఎడమకు తిరుగునపుడు ఆలస్యము చేయుచున్నావు, ఆఱు మాసములకు మరల రమ్ము” అనుటకును గల వ్యత్యాసము ఒక జీవితమంత.

పశువుల జాతరలో కోడెను కొన్న రైతు దానిని ఇంటికి తోలుకొనివచ్చిన మఱునాడే బండి నిండ రాళ్ళు వేసి కట్టడు. మొదట ఒట్టి కాడి మెడమీద వేయును. ముదురు ఎద్దు ప్రక్కన నిలిపి తేలిక దుక్కి దున్నించును. కడపళ్ళు వచ్చువఱకు బరువు పెంచుట తొందరపడడు. పళ్ళు, సుళ్ళు చూచి తాను చేసిన నిర్ణయము నిజమగుట తన పోషణపైననే ఆధారపడియున్నదని అతడెఱుగును. పిల్లల యోగ్యతను నిర్ణయించువారును ఈ యెఱుకతో మెలగినచో, మిట్టేమరి మొదలుగాగల సరిహద్దు పల్లెలలో నేడు ఎవరి కంటను పడక మట్టిలో ఆడుచున్న పిల్లలకు తమ యోగ్యతకు తగిన అవకాశము లభించునని ఆశింపవచ్చును.